చెయ్యి ఆమెది, కళ్ళజోడు ఆయనది

మా ఇంటి ఓనరు కమాలుద్దీన్ భాయ్‌కి చూపు భేషుగ్గా ఉంటుంది. నేను డ్యూటీ దిగి గల్లీ మలుపు తిరిగేసరికే గడప మీద నుంచి చూసి, నా సంచిలో వంకాయలున్నాయో బెండకాయలున్నాయో చెప్పేవాడు. అలాంటి మనిషి ఒకరోజు పొద్దున ముక్కు మీద కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నాడు. ఫుట్‌పాత్ మీద కొన్నాడట. ఎందుకు భాయ్ అని అడిగితే, "మసక మసకగ కనబడుతున్నది స్వరూపక్కా" అన్నాడు. పచ్చి అబద్ధం. ఆ అబద్ధం సంగతి చెప్పాలంటే ముందు ఆయన భార్య సుగ్రా ఆపా గురించి చెప్పాలి.

నేను ఆర్టీసీలో కండక్టర్ని. దబీర్‌పురాలో వాళ్ళ మేడ మీద గదుల్లో అద్దెకుంటున్నాను. నాకు నోరు పెద్దదని డిపోలో పేరుంది. ఉండనీ. నిండు బస్సులో టికెట్లు కొట్టేవాళ్ళకు చిన్న నోరుతో ఏం పని జరుగుతుంది?

వాళ్ళది లక్క గాజుల పని. ముందు గదిలో బొగ్గుల పొయ్యి. దాని ముందు కమాల్ భాయ్ కూర్చుని లక్క ముద్దను కాచి, పీట మీద తాడులా పేని, వంచి, కొసలు అతికి, గుండ్రటి కర్రకు తొడిగి గాజు చేస్తాడు. అది ఇంకా వెచ్చగా ఉండగానే పరదా వెనక్కి పోతుంది. పరదా వెనక సుగ్రా ఆపా కూర్చునేది. ఒళ్ళో స్టీలు పళ్ళెం నిండా రంగురంగుల రాళ్ళు, చేతిలో సన్నటి సూది. లక్క చల్లారితే రాయి పట్టదు. మరీ వేడి మీద పెడితే రాయి మునిగిపోతుంది. ఆ రెండింటి నడుమ దొరికే కాస్త సేపట్లోనే ఆమె బొటనవేలు, చూపుడువేలు గాజు చుట్టూ తిరిగి వచ్చేసేవి. నోరు కూడా ఊరుకునేది కాదు.

"ఏంది స్వరూపా, ఇయ్యాల బస్సుల ఎవలతోని లొల్లి?"

"ఒకడు చిల్లర లేదన్నడు ఆపా."

"అయ్యో పాపం, నీకే దొరకాల్నా వాడు" అని నవ్వేది. ఆ నవ్వులో కూడా రాయి తప్పేది కాదు.

ఆమె ఆ గల్లీలోనే పుట్టింది. చిన్నప్పుడు వాళ్ళ అమ్మ పక్కన కూర్చుని ఈ పని నేర్చుకుంది. పచ్చరాయి పక్కన తెల్లరాయి, మళ్ళీ రెండు ఎర్రవి, నడుమ ఒక చిన్న బంగారు చుక్క పెట్టే ఒక వరస ఆమె సొంతం. లాడ్‌బజార్ దుకాణాల వాళ్ళు ఆ వరస చూడగానే గుర్తుపట్టేవాళ్ళు. "ఇది కమాల్ భాయ్ చెయ్యి, ఉస్తాద్ పని" అనేవాళ్ళు.

అవును, కమాల్ భాయ్ చెయ్యే. ఆ గల్లీలో పద్ధతి అంతే. మగవాళ్ళు మంట ముందు కూర్చుంటారు, మాలు బజారుకు మోస్తారు. ఆడవాళ్ళు పరదా వెనక రాళ్ళు కూరుస్తారు. మీ ఇంట్లో ఆడవాళ్ళు ఏం చేస్తారని ఎవరైనా అడిగితే, "ఏం చెయ్యరు, ఇంట్లనే ఉంటరు" అని చెప్తారు. అలా చెప్పుకోవడం వాళ్ళకు గొప్ప. ఆడవాళ్ళ కష్టం తినే గతి పట్టలేదని చాటుకోవడం అన్నమాట. కమాల్ భాయ్ చెడ్డవాడు కాదు. పెళ్ళాం మీద చెయ్యెత్తడు, మాట విసరడు, ఆమెకు జ్వరమొస్తే తనే గంజి కాస్తాడు. కాని ఈ ఒక్క మాట మాత్రం వాళ్ళ నాన్న చెప్పినట్టే చెప్పేవాడు. నాకు ఒళ్ళు మండేది. ఆపాకు మండేదో లేదో ఎప్పుడూ బయటపడలేదు.

ఒకరోజు కమాల్ భాయ్‌కి జ్వరం. సైదాబాద్‌లో పెళ్ళి సామాన్ల దుకాణం నడిపే వాసవాంబకు గాజులు అందించాల్సి ఉంది. ఆ గాజులు కావాల్సిన పెళ్ళి ఆ మర్నాడే. మాలు ఇవ్వడానికి ఎప్పుడూ తనే పోయేవాడు, ఆ పూట లేవలేకపోయాడు. ఆపా బుర్ఖా వేసుకుని, గాజుల డబ్బాలు సంచిలో పెట్టుకుని ఆటో ఎక్కింది. మలక్‌పేట దాటుతుండగా ఒక టెంట్‌హౌస్ వాళ్ళ వ్యాను అడ్డదిడ్డంగా మలుపు తిరిగి ఆటోను గుద్దింది. ఆటో పక్కకు పడింది. ఆపా కుడిచెయ్యి దాని కింద నలిగింది. మణికట్టు విరిగింది, బొటనవేలిని ఆడించే నరం తెగింది. గాజులు రోడ్డంతా పగిలి పడ్డాయని ఆటో అతను చెప్పాడు. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు ఆగలేదు.

పెద్దాసుపత్రికి నేనూ పోయాను. కమాల్ భాయ్ జ్వరంతో వణుకుతూనే వచ్చాడు. వరండాలో పోలీసు వచ్చి అడిగాడు.

"మీ భార్య ఏం పని చేస్తది?"

"ఏం చెయ్యదు సార్, ఇంట్లనే ఉంటది."

"ఎక్కడికి పోతుండె?"

"చుట్టాలింటికి, దావత్‌కు."

అలవాటైన మాట అలవాటుగా వచ్చేసింది. తన మాలు మోయడానికి పెళ్ళాన్ని ఒంటరిగా పంపానని పోలీసు ముందు చెప్పుకోవడానికి నోరు రాలేదు. పోలీసు రాసుకున్నాడు, వెళ్ళిపోయాడు. ఆ మాట ఎక్కడెక్కడ తిరిగి ఎక్కడికి వస్తుందో ఆ పూట ఎవరికి తెలుసు.

ఆపరేషను చేశారు. ఎముక అతుక్కుంది. బొటనవేలు మాత్రం కర్రముక్కలా నిలబడిపోయింది. వంగదు, చూపుడువేలిని తాకదు. చెంచా పట్టుకోగలదు, చీపురు పట్టుకోగలదు. గోరంత రాయి పట్టుకోలేదు. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకు నేను కిందికి దిగేసరికి పళ్ళెం ముందేసుకుని కూర్చుని ఉంది. ఒక ఎర్రరాయి తీయబోతుంది, అది జారిపోతుంది. మళ్ళీ తీయబోతుంది. నన్ను చూసి పళ్ళెం పక్కకు జరిపి, "టీ తాగుతవా?" అంది.

ఇక రాళ్ళు కూర్చే పని కమాల్ భాయ్ మీద పడింది. ఆపా పక్కన కూర్చుని చెప్తూనే ఉండేది. చెప్తే వచ్చే పనా అది? వంకర వరసలు, మునిగిన రాళ్ళు. లాడ్‌బజార్ నుంచి మాలు వెనక్కి రావడం మొదలైంది. "నీ చేతికేమైంది కమాల్ భాయ్?" అని ప్రతి దుకాణంలోనూ అడుగుతున్నారు. ఆయన చేతికేం కాలేదు. ఆ సంగతి చెప్పలేక, కళ్ళు మసకబారాయని చెప్పుకోవడానికి ఆ కళ్ళజోడు కొన్నాడు. దాంతో నడవడం కూడా సరిగా రాక రెండుసార్లు గడప తన్నుకున్నాడు. నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను.

పరిహారం కోసం కేసు వెయ్యమని పోరు పెట్టింది నేనే. మా డిపో డ్రైవర్ సామ్యూల్ కూతురు లావణ్య వకీలు. పురానీ హవేలీ కోర్టులో ఇలాంటి ప్రమాదాల కేసులే ఎక్కువగా చూస్తుంది. వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని ఆమె దగ్గరికి పోయాను. లావణ్య కాగితాలన్నీ చదివి, పోలీసు రాసుకున్న ముక్క దగ్గర ఆగింది.

"ఆపా, మీరు గాజుల పని చేస్తరా?"

"పుట్టిన కాడికెల్లి అదే పని."

"మరి ఇక్కడ ఏ పనీ చెయ్యదని ఉంది."

కమాల్ భాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అందులో తుడవడానికి ఏమీ లేదు.

లావణ్య విడమర్చి చెప్పింది. వ్యాను వాళ్ళదే తప్పని పోలీసులు తేల్చారు, ఆ వ్యానుకు ఇన్సూరెన్సు ఉంది, కాబట్టి పరిహారం రావడం ఖాయం. ఎంత రావాలన్నదే గొడవ. ఇంటి పని చేసుకునే ఆడమనిషికి ఒక వేలు వంగకపోతే కోర్టు దాన్ని కొద్దిపాటి నష్టంగా చూస్తుంది. అదే వేలితో రాళ్ళు కూర్చి బతికే మనిషికి వేలు పోతే పనే పోయినట్టు చూస్తుంది. ఆమె ఆ పని చేసేదని తేలాలి. వాసవాంబ వచ్చి చెప్తానంది కాని, ఆమె దుకాణంలో బిల్లులన్నీ కమాలుద్దీన్ పేరు మీదే ఉన్నాయి. పరదా వెనక ఎవరు కూర్చున్నారో ఆమె ఏనాడూ చూడలేదు.

"స్వరూపక్క చూసింది గని, ఓనరు కోసం చెప్తున్నదని కొట్టేస్తరు. పోలీసులకు పని లేదని చెప్పింది భాయ్" అంది లావణ్య. "ఆయన చెప్పాలె. పోలీసులకు అట్లెందుకు చెప్పినవని అవతలి వకీలు గట్టిగ అడుగుతడు. దానికి తయారుగ ఉండాలె."

కోర్టుకు ముందే రాసిచ్చే వాంగ్మూలం మీద సంతకం పెట్టమంటే కమాల్ భాయ్ పెట్టలేదు. "టైమొచ్చినప్పుడు కోర్టులనే చెప్త మేడం" అన్నాడు. ఏం చెప్తాడో మాత్రం చెప్పలేదు.

మొదట ఆపాను బోనెక్కించారు. నేను సెలవు పెట్టి వెనక బెంచీలో కూర్చున్నాను. ఇన్సూరెన్సు తరఫు వకీలు పెద్దాయన, మెత్తగా మాట్లాడతాడు. మెత్తగా మాట్లాడేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ పడదు.

"ఏం పని చేస్తారమ్మా మీరు?"

"గాజులకు రాళ్ళు కూరుస్త సార్. కూరుస్తుంటి."

"మీ ఆయన పోలీసులకు మీరే పనీ చెయ్యరని చెప్పారు. మరి ఆయన అబద్ధం చెప్పారా?"

జడ్జి గారు, "చెప్పండమ్మా" అన్నారు. ఆమె కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడింది. "అవును, అబద్ధమే" అంటే చాలు. ఆ ఒక్క మాట కోసం నేను బెంచీ అంచుకు జరిగి కూర్చున్నాను.

"మా ఆయన అబద్ధాలు చెప్పే మనిషి కాదు సార్" అంది ఆపా.

వకీలు నవ్వి, ఇంకేమీ అడగకుండా కూర్చున్నాడు. లావణ్య తల దించుకుని ఏదో రాసుకుంది. నాకు లేచి అరవాలనిపించింది. కోర్టు కాబట్టి ఊరుకున్నాను. ఆటోలో మాత్రం ఊరుకోలేదు.

"ఆపా, ఆ చెయ్యి నీదా, ఆయనదా? నీ కేసును నువ్వే ఎందుకు ముంచుకున్నవ్?"

"ఏం చెయ్యమంటవ్ స్వరూపా? అంతమందిల ఆయనను ఝూటా అనమంటవా? ఆయన ఇజ్జత్ తీసి తెచ్చుకున్న పైసలు నాకు ఎట్ల అరుగుతయి?"

"మరి నీ ఇజ్జత్?"

ఆమె ఆటో బయటికి చూస్తూ, "నాది ఎవరడిగిండ్రు" అంది. ఆ మాటకు నా కోపమంతా ఆమె మీద నుంచి కమాల్ భాయ్ మీదికి మళ్ళింది.

ఇంటికి రాగానే ముందు గదిలోకి పోయి నిలబడ్డాను. ఆయన పొయ్యి ముందు కూర్చుని ఉన్నాడు. జరిగింది జరిగినట్టు చెప్పాను. విన్నాడు.

"నీకు తెల్వదక్కా. మా అబ్బాగాని, మా దాదాగాని, మా ఖాన్‌దాన్‌ల ఆడోళ్ళ కమాయి తిన్నోడు ఒక్కడు లేడు."

"లేడా? మరి పెండ్లయిన కాడికెల్లి నువ్వు తిన్నదేంది భాయ్?"

ఆయన ముఖం కందగడ్డ అయింది. నేను తగ్గలేదు. "నీ మాట నిలబెట్టనీకి ఆమె తన చెయ్యిని తనే కాదన్నది. ఇగ నీ ఇష్టం" అనేసి మేడెక్కాను. ఇల్లు ఖాళీ చెయ్యమంటాడేమో అనుకున్నాను. అనలేదు. ఆ తరవాత వాయిదా దాకా నాతో మాట్లాడనూ లేదు.

వాయిదా రోజు ఆయన ఇస్త్రీ చేసిన షేర్వానీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని వచ్చాడు. ఆ కళ్ళజోడు చూడగానే నాకు ఆశ పోయింది. ఆపా నా పక్కన కూర్చుంది. ఆయన ప్రమాణం చేశాడు. లావణ్య రెండు ప్రశ్నలు వేసింది. ఆమె గాజుల పని చేసేదా అంటే, చేసేదన్నాడు. తరవాత మెత్తటి వకీలు లేచాడు.

"పోలీసులకు ఆమె ఏ పనీ చెయ్యదని చెప్పింది మీరే కదా?"

"నేనే సార్."

"దావత్‌కు పోతుందని కూడా చెప్పారు."

"చెప్పిన."

"ఇప్పుడేమో ఆమె పనిచేస్తుందంటున్నారు. పరిహారం కోసం ఇప్పుడు అబద్ధమాడుతున్నారని నేనంటాను."

కమాల్ భాయ్ కళ్ళజోడు తీసి బోను కొయ్య మీద పెట్టాడు.

"అబద్ధం ఇది సార్. నా కండ్లు మంచిగనే ఉన్నయి. బజార్ల మాలు వాపస్ ఇస్తుంటే, నా కండ్లు పోయినయని చెప్పుకోనీకి కొన్న. పోయింది నా కండ్లు కాదు, ఆమె చెయ్యి. రాళ్ళు కూర్చేది ఆమెనే. నా పేరు మీద నడిచిన మాలంత ఆమె చేతిదే. ఆ దినం దావత్ లేదు, ఏం లేదు. నాకు జరమొస్తే నా బదులు మాలు తీస్కపోయింది."

"మరి ఇన్నాళ్ళూ మీరేం చేస్తున్నట్టు?"

"మంట చూసుకుంట సార్."

ఎవరో నవ్వారు. జడ్జి గారు నవ్వలేదు, రాసుకుంటున్నారు. వకీలు వదల్లేదు.

"పోలీసులకు ఆ మాటెందుకు చెప్పలేదు?"

"సిగ్గయింది సార్."

"ఎందుకు సిగ్గు?"

"ఆమె కష్టం తింటున్ననని నలుగురికి తెలుస్తదని. తెలిస్తే నన్ను ఉస్తాద్ అనరని." ఆయన ఆపా వైపు చూడలేదు. "ఆ రోజు నా బదులు పోయి చెయ్యి పోగొట్టుకున్నది. మొన్న గిదే జాగల నిలబడి మా ఆయన అబద్ధాలు చెప్పే మనిషి కాదన్నది. ఇంతకన్న సిగ్గు ఇంకేముంటది సార్?"

ఆయన దిగి వచ్చేశాడు. కళ్ళజోడు అక్కడే మరిచిపోతే కోర్టు జవాను తెచ్చి ఇచ్చాడు. బయట చెట్టు కింద ఆపా ఏమంటుందోనని ఆయన నిలబడి చూస్తున్నాడు. నేనూ చూస్తున్నాను. ఆమె ముఖం తుడుచుకుని, "స్వరూపా, నీకు డ్యూటీ టైం అయితలేదా?" అంది. అంతే.

తీర్పు రావడానికి చాలా నెలలు పట్టింది. వచ్చిన పరిహారం లావణ్య ఆశించినదానికంటే తక్కువ, మేము భయపడ్డదానికంటే చాలా ఎక్కువ. పిటిషనరు లక్క గాజులకు రాళ్ళు కూర్చే నైపుణ్యం గల కార్మికురాలని, ఆ పనికి ఇక ఆమె చెయ్యి పనికిరాదని కోర్టు రాసింది. ఆ ముక్కను కమాల్ భాయ్ లావణ్య చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాడు. మలక్‌పేటలో మిఠాయి కొని గల్లీ అంతా పంచాడు. ఇంటింటి ముందూ ఆగి, "మా సుగ్రా చెయ్యి గురించి కోర్టుల రాసిండ్రు భాయ్, అసలు ఉస్తాద్ ఆమెనే" అని చెప్తూ వచ్చాడు. లాడ్‌బజార్‌లో కూడా చెప్పి వచ్చాడట. ఒకప్పుడు ఒక్క మాట రాని మనిషికి ఇప్పుడు నోరు ఆగడం లేదు. నాకు సంతోషంగానే ఉంది. సంతోషంతో పాటు కొంచెం చిరాకుగానూ ఉంది. ఎందుకో అప్పుడు తెలియలేదు.

డబ్బాలో మిగిలిన మిఠాయి తీసుకుని ఆయన పరదా బయట నిలబడ్డాడు. నేను లోపల ఆపా దగ్గర కూర్చుని ఉన్నాను. ఆమె ముందు రాళ్ళ పళ్ళెం ఉంది. ఆయన మధ్యలో వదిలి వెళ్ళిన గాజు ఆమె ఒళ్ళో ఉంది.

"సుగ్రా, గల్లీ మొత్తం చెప్పొచ్చిన. బజార్ల అందరికి చెప్పిన. నువ్వేమంటలేవేంది? ఖుష్ కాలేదా?"

"అయిన" అంది ఆపా. కొంచెం ఆగి, నెమ్మదిగా అంది. "గీ మాటలు నీకు మస్తు వస్తున్నయి ఇప్పుడు. కోర్టుల చెప్పినవ్, బజార్ల చెప్పినవ్. చెయ్యి మంచిగున్నప్పుడు ఒక్కనాడు, ఎవరికి వద్దు, గీ పరదా ఎన్కకొచ్చి నాకొక్కదానికి చెప్తే ఏమయితుండె?"

ఆయన పరదా పక్కకు జరిపి, మిఠాయి డబ్బా కింద పెట్టాడు. ఆపా ఒళ్ళోని గాజును ఎడమచేత్తో తీసి, రాళ్ళు పట్టని చోట వేలితో తట్టి చూసి, ఆయన చేతికిచ్చింది.

"లక్క సల్లారింది" అంది. "పోయి మంట ఎయ్యి."